మెర్టన్ ఆటలో పధ్నాలుగో నంబరు

పోయిన శుక్రవారం వెస్లీ క్రీక్ హైస్కూలు జిమ్ములో ఏం జరిగిందో మర్చిపోయినవాళ్లకి రెండు ముక్కలు. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఆట మధ్యలో ఆపేశారు. ఊరు ఊరంతా లేచి నిలబడింది. గోడమీది రికార్డుల బోర్డులో ఇరవయ్యేడేళ్లుగా కదలకుండా కూర్చున్న షెల్లీ క్విగ్లీ లెక్కని, 1,386 పాయింట్లని, బ్రిన్ వెస్ట్రా అనే పదిహేడేళ్ల పిల్ల దాటేసింది. బంతి తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టారు, తల్లి డార్సీ ఏడ్చింది, ఫొటోలు తీశారు. ఆట మళ్లీ మొదలయ్యాక బ్రిన్ ఇంకో ఆరు వేసి 1,393కి చేరింది. ఆఖరి నిమిషంలో ఎవరి బూటు మీదో దిగి చీలమండ మెలిపెట్టుకుంది. కీలు దగ్గర నరం సగం చిరిగిందనీ, మళ్లీ మెలిపడితే ఆపరేషన్ తప్పదనీ డాక్టరు చెప్పాడు. ఈ గురువారం జరిగే జిల్లా పోటీలో ఆడించనన్నాడు కోచ్. స్కూల్లో ఇదే ఆఖరి ఏడాది కాబట్టి, ఓడితే బ్రిన్ స్కూలు ఆటలు అక్కడితో సరి. అయినా రికార్డు చేతికొచ్చింది కదా అని పిల్ల కూడా సరేనంది.

అంతా అక్కడితో సర్దుకుని ఉంటే ఈ వారం చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

మంగళవారం మధ్యాహ్నం మూడు దాటింది. కొరియర్ పత్రిక ఆఫీసులో లోవెల్ హాగెన్ మొదటి పేజీ ముందేసుకుని కూర్చున్నాడు. వారానికొక్కసారి, గురువారం పొద్దున్నే వచ్చే ఆ పత్రికకి ఆటల విలేకరంటే లోవెలే, ముప్పయ్యేళ్లుగా ఆయనొక్కడే. సాయంత్రం ఐదింటికి పేజీలు ప్రెస్సుకి పోవాలి. నాలుగున్నరకి బ్రిన్ రికార్డు బంతి పట్టుకుని వస్తానంది. ఒక ఫొటో తీసి, ఉన్న ఖాళీలో కూర్చోబెడితే పని అయిపోతుంది.

లోవెల్‌కి యాభయ్యారు. స్కోరు బల్ల దగ్గర బజరు పక్కనే కూర్చుని కూర్చుని ఎడమ చెవి పోయింది, కుడి చెవి పోయే దారిలో ఉంది. అందుకని ఆయన ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది. అవతలివాళ్ల గుట్టు గదిలో అందరికీ తెలిసిపోతుంది. లోవెల్‌కి రహస్యం చెప్పాలంటే ఉత్తరం రాయాలని ఊళ్లో ఓ మాట.

ఆ రోజు అప్పటికే మూడు ఫోన్లొచ్చాయి. కుస్తీ పట్టే పిల్లాడి తండ్రి, "మావాడు ఓడాడని రాశావు, వాడికి ముందు రోజు జ్వరమొచ్చిందని రాయడానికి చెయ్యి రాలేదా?" అని నిలదీశాడు. ఒక తల్లి, పోయిన వారం రెండో పేరాలో ఉన్న తన కూతురి పేరు ఈ వారం నాలుగో పేరాకి ఎందుకు దిగజారిందని అడిగింది. బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆడే ముసలాయన ఒకడు తన స్కోరు చదివి వినిపించి, పెళ్లాం గురించి చెప్పుకుని, పెట్టేశాడు. ఇక డార్సీ వెస్ట్రా సంగతి వేరు. పళ్ల డాక్టరు దగ్గర డ్యూటీ దిగి కారెక్కగానే, ప్రతి మంగళవారం నాలుగూ ఇరవైకి చేస్తుంది. పోయిన వారం వచ్చిన కూతురి ఫొటో స్కేలు పెట్టి కొలిచి మరీ చేస్తుంది.

వీళ్లతో తల ప్రాణం తోకకొస్తుంది, నిజమే. అయినా లోవెల్ వీళ్లమీద కోపం పెట్టుకోడు. ఈ ఊళ్లో మనిషి పేరు అచ్చులో పడేది మూడుసార్లు: పుట్టినప్పుడు, స్కూల్లో ఆడినప్పుడు, పోయినప్పుడు. అందులో తన కళ్లతో తను చదువుకోగలిగేది మధ్యలో ఉన్నదొక్కటే. దాని కోసం కొట్లాడరా మరి, అంటాడు.

తలుపు గంట మోగింది. బూట్ల మంచు గుమ్మంలోనే దులుపుకుని ఆర్డిస్ క్విగ్లీ లోపలికొచ్చింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, నిటారుగా ఉంటుంది. ముప్పయ్యొక్క ఏడాది స్కూలు వంటగదిలో వడ్డించింది. లోవెల్ ఎనిమిదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడు గిన్నెలో మాంసం, చిక్కుడుగింజల చిల్లీ కూర రెండో గరిటె వేసింది ఆ చెయ్యే. బోర్డు మీదున్న షెల్లీ ఆవిడ కూతురే.

ఆవిణ్ణి చూస్తే కొరియర్ ఆఫీసులో ఎవరికైనా వెనక గదిలో అర్జెంటు పని గుర్తొస్తుంది.

"ఏరా లోవెల్, దాక్కోలేదేం ఈసారి?"

"దాక్కునే చోటు లేదండీ ఆర్డిస్ గారూ. వెనక గదిలో కొత్త ప్రింటర్ పెట్టారు. కూర్చోండి. ఉత్తరం తెచ్చారా?"

"ఉత్తరాలు అయిపోయాయి. ఏడాదికి మూడు చొప్పున ఎనభయ్యొకటి రాశాను. ఇంక రాయను."

లోవెల్‌కి ఆ ఉత్తరాలన్నీ తెలుసు. ఇనప బీరువా అడుగు సొరుగులో క్విగ్లీ ఫైలని ఒకటుంది. అన్నిట్లోనూ ఒకటే మాట. ఇరవయ్యేడేళ్ల కిందట ఫిబ్రవరిలో, మెర్టన్ ఊళ్లో జరిగిన ఆటలో మా షెల్లీ ఇరవయ్యారు పాయింట్లు వేసింది, మీరు తొమ్మిదని రాశారు, పదిహేడు తగ్గించారు. మొదటి ఉత్తరం అచ్చు వేశారు. కింద, 'కోచ్‌తో సరిచూశాం, మా లెక్క సరైనదే' అని ఒక ముక్క తగిలించారు. తగిలించింది లోవెలే. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడేళ్లు. సరిచూడటమంటే అప్పటి కోచ్‌కి ఫోను చేశాడు. ఎలాగూ ఆ పిల్లే అందరికన్నా పైనుంది కదయ్యా, పదిహేడు ఎక్కువైతేనేం తక్కువైతేనేం అన్నాడాయన. నిజమే కదా అనుకున్నాడు లోవెల్. స్కూలు స్కోరు పుస్తకాలు ఆ తర్వాత వరదలో కొట్టుకుపోయాయి. జిమ్ము గోడకి బోర్డు పెట్టినప్పుడు కొరియర్ కటింగుల నుంచే కూడి రాశారు.

"ఇన్నాళ్లూ మీ షెల్లీయే పైనుంది కాబట్టి తేడా పడలేదు," అన్నాడు లోవెల్ మెల్లగా. "ఇప్పుడు మాట్లాడితే, ఆర్డిస్ గారూ, కుళ్లుతో మాట్లాడుతున్నారంటారు."

"అననీ. పిచ్చిదన్నారు, పొగరన్నారు, కుళ్లు కొత్తేం కాదు." చేతిసంచిలోంచి కాగితం తీసి బల్లమీద పరిచింది. ధాన్యం గిడ్డంగివాళ్లు ఊరికే పంచే క్యాలెండరు. ఫిబ్రవరి పేజీ, పన్నెండో తారీకు గడిలో పెన్సిలుతో చిన్న చిన్న గీతలు. "బుట్టలో పడ్డప్పుడల్లా చేతిమీద గీసుకున్నా. ఇంటికొచ్చి దీనిమీదకి ఎక్కించా. నీకిది చూపించడం ఎన్నోసారి?"

"ఇది మీ చేతిరాత కదండీ. సాక్ష్యం కాదు."

"అవును. అందుకే ఇవాళ ఇంకోటి తెచ్చా."

పాత రంగుల ఫొటో ఒకటి తీసి, అతనివైపు తిప్పి పెట్టింది. కిందటేడు పోయిన ఆవిడ భర్త బేస్‌మెంటులో వదిలివెళ్లిన పెట్టెలు ఇన్నాళ్లకి సర్దుకుంటోందట. చేపల గాలాల డబ్బా అడుగున దొరికిందట.

ఫొటోలో షెల్లీ బుట్ట ఎదుటి గీత దగ్గర నిలబడి బంతి ఎత్తింది. పొడుగాటి పిల్ల. వెనక గోడమీద మెర్టన్ స్కూలు పేరు. ఒంటిమీద వెలిసిపోయిన ఎరుపు జెర్సీ, దానిమీద ముప్పై ఒకటి.

లోవెల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. షెల్లీ క్విగ్లీ నంబరు పధ్నాలుగు. ఈ ఊళ్లో పాలుతాగే పిల్లలక్కూడా తెలుసు. బోర్డుమీద కూడా అదే రాసుంటుంది.

"ముప్పై ఒకటేంటి?" అన్నాడు.

"ఆ రోజు తుఫాను. మంచులో బస్సు హడావిడిగా బయల్దేరింది. బయటి ఊళ్లకి వేసుకునే జెర్సీల సంచి ఉతికేచోటే ఉండిపోయింది. కోచ్ స్టోరురూములోంచి పాత సెట్టు పట్టుకొచ్చాడు. అందులో పధ్నాలుగు చిన్న సైజు, మా పిల్లకి పట్టలేదు. ముప్పై ఒకటి పెద్దది, వేసుకుంది. ఆ ఒక్క రాత్రే. నేను మొదటి ఉత్తరంలోనే రాశాను కదరా, పిల్లలు ఆ రోజు వేరే బట్టలేసుకున్నారని."

రాసింది. లోవెల్‌కి గుర్తుంది. ఎరుపా తెలుపా అన్న గొడవనుకుని చదవడం మానేశాడు.

లేచి బీరువా దగ్గరకెళ్లాడు. ఆయన ఏదీ పారేసే మనిషి కాదు. పాకెట్ పుస్తకాలన్నీ ఏడాది ప్రకారం అట్టపెట్టెల్లో ఉంటాయి. ఆ ఏడాది పెట్టె దొరికింది, ఫిబ్రవరి పుస్తకం దొరికింది. మెర్టన్ ఆట పేజీ తీశాడు.

తుఫాను రాత్రి మెర్టన్‌కి ఆయన వెళ్లలేదు. అప్పట్లో బయటి ఊరి ఆటలకి ఎవరూ వెళ్లేవారు కాదు. ఆట అయ్యాక స్కూలు తరఫున ఎవరో ఒకరు పబ్లిక్ ఫోను నుంచి స్కోర్లు చదివితే రాసుకునేవాళ్లు. చలిలో ఫోను పెట్టెలో నిలబడ్డవాళ్లు పేర్లు చదవరు, నంబర్లు చదువుతారు. పేజీలో పెన్సిలుతో గబగబా రాసిన వరస ఉంది. ముప్పై ఒకటి, ఇరవయ్యారు. పధ్నాలుగు, తొమ్మిది. ఇరవై రెండు, ఆరు. ఆ పక్కన నీలం పెన్నుతో తీరిగ్గా రాసిన పేర్లు. పెన్సిలు ఫోనులో విన్నది. పెన్ను మర్నాడు ఆఫీసులో కూర్చుని, సొంతూరి ఆటల్లో ఏ నంబరు ఎవరిదో గోడకున్న జాబితాలో చూసి వేసింది. ఆ జాబితాలో పధ్నాలుగంటే షెల్లీ. ముప్పై ఒకటంటే ఇంకో పిల్ల.

ఇద్దరి పాయింట్లు అటూ ఇటూ అయ్యాయంతే. జట్టు మొత్తం ఎక్కడా మారలేదు. అందుకే ఎవరి కంటికీ పడలేదు, ఒక్క తల్లి కంటికి తప్ప.

లోవెల్‌కి సిగ్గేసింది. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖంలోకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఈ పుస్తకం ఇరవయ్యేడేళ్లుగా ఆయన కుర్చీకి ఆరడుగుల దూరంలోనే ఉంది. ఎనభయ్యొక్క ఉత్తరాల్లో ఏ ఒక్కటి వచ్చినప్పుడైనా లేచి చూసి ఉంటే రెండు నిమిషాల పని.

"ఆర్డిస్ గారూ," అన్నాడు. "తప్పు నాది. కోచ్‌ది కాదు, ఫోను చేసినవాళ్లది కాదు. నాదే."

 ఇన్నాళ్లూ ఈ మాట కోసం ఎదురుచూసిన ఆర్డిస్, తీరా వచ్చాక దాన్నేం చేసుకోవాలో తెలియనట్టు చేతిసంచి పట్టీ సరిచేసుకుంది.

"మా ఆయన కూడా నమ్మలేదురా," అంది చివరికి. "నువ్వు తప్పు లెక్కపెట్టుంటావే ఆర్డిస్, వదిలెయ్ అనేవాడు. ఈ ఫొటో తీసింది ఆయనే. చూసుకోనేలేదు. నాకు రికార్డు వద్దు. బోర్డు మార్చమని కూడా అడగను. ఆర్డిస్ క్విగ్లీ చెప్పింది నిజమేనని ఒక్క వాక్యం వెయ్యి. తీసుకెళ్లి ఆయన సమాధి దగ్గర గట్టిగా చదివొస్తా."

ఆ ఒక్క వాక్యమూ పడితే ఏమవుతుందో లోవెల్ బుర్రలో అప్పటికే కూడిక అయిపోయింది. 1,386కి పదిహేడు కలిపితే 1,403. బ్రిన్ దగ్గరున్నది 1,393. ఆపిన ఆట, లేచి నిలబడ్డ ఊరు, తల్లి ఏడుపు, ముందున్న ఈ పేజీలోని ఆరంగుళాల హెడ్డింగు, అన్నీ పదిహేడు పాయింట్లు తొందరపడి వచ్చాయి. బ్రిన్ ఇంకా పది వెనకే ఉంది, దాటాలంటే పదకొండు కావాలి.

"పేపరు గురువారం పొద్దున వస్తుంది," అన్నాడు. "గురువారం సాయంత్రమే ఆట. ఈ సంగతి చదివితే ఆ పిల్ల కూర్చుంటుందా? కాలు చూశారా మీరు?"

"చూశా. చర్చిలో కుంటుతోంది. మంచి పిల్ల. దానిమీద నాకేం లేదు."

"వచ్చే వారం వేస్తాను. మొదటి పేజీలో. నా పేరు పెట్టి, నా తప్పని రాసి."

"వచ్చే వారం," అంది ఆర్డిస్. "ఇరవయ్యేడేళ్ల నుంచీ నాకు వచ్చే వారమేరా."

 లోవెల్ ఏదో ఒకటి చెప్పేలోపే ఆవిడ ఫొటోమీద వేలు పెట్టింది.

"ఇంకోటి చూడు. వెనక బెంచీమీద."

షెల్లీ మోచేతి కింద నుంచి బెంచీ కనిపిస్తోంది. చివర ఒక బక్కపల్చటి పిల్ల, భుజాన తువ్వాలు, నవ్వుతూ షెల్లీ వైపే చూస్తోంది. ఎరుపు జెర్సీ ఆ పిల్లకి సరిగ్గా సరిపోయింది. దానిమీద పధ్నాలుగు.

లోవెల్ పాకెట్ పుస్తకంలోకి మళ్లీ చూశాడు. ముప్పై ఒకటి పక్కన తన నీలం పెన్ను రాసిన పేరు. డార్సీ. పెళ్లికి ముందు ఇంటిపేరు వేరే, మనిషి ఒకరే.

గోడ గడియారం నాలుగూ ఇరవై చూపించింది. ఫోను మోగింది.

"లోవెల్ గారూ, నేనే," అంది స్పీకర్లోంచి డార్సీ. వెనక కారు హీటరు చప్పుడు. "ఫొటో ఎంత వస్తోంది?"

"సగం పేజీ, డార్సీ. ఇదిగో ఇక్కడ..."

"సగమంటే ఎన్ని అంగుళాలు? కొలిచి చెప్పండి, ఫ్రేము కొనాలి. హాల్లో నా కటింగు పక్కనే తగిలిస్తా. మెర్టన్ ఆటది, మీరు రాసిందే, ఇరవయ్యారు పాయింట్లది. తల్లిదీ కూతురిదీ పక్కపక్కన. బాగుంటుంది కదూ?"

ఆర్డిస్ తల పైకెత్తింది. లోవెల్ ఆవిడ వైపు చూశాడు. పక్కన మనిషుందని ముందు చెప్పాలి, అది మర్యాద. చెప్పేలోగా ఇంకో ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది.

"డార్సీ, ఆ మెర్టన్ ఆటలో నువ్వు వేసుకున్న నంబరు ఎంత?"

స్పీకర్లో హీటరు చప్పుడు ఆగిపోయింది. కారు ఇంజను ఆపేసినట్టుంది.

"ఆర్డిస్ గారొచ్చారా?" అంది డార్సీ.

"వచ్చారు. ఇక్కడే కూర్చున్నారు, నీ మాట వింటున్నారు. ఫొటో తెచ్చారు."

 లోవెల్ కుడి చెవి ఫోనువైపు వంచాడు.

"పధ్నాలుగు," అంది డార్సీ. "నేను వేసింది తొమ్మిది. అదే నాకెక్కువ. మా నాన్న నా ఆట ఒక్కటి కూడా చూడ్డానికి రాలేదు లోవెల్ గారూ. పందులకి మేతెవరు వేస్తారనేవాడు. ఆ గురువారం పేపరు చూసి ఆరు కాపీలు కొనుక్కొచ్చాడు. ఒకటి గోడకి మేకేసి కొట్టాడు. అప్పుడు నేనేమనాలి? నాన్నా, ఇది నాది కాదు అనాలా? పదహారేళ్లు నాకు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నా. మీరు అడిగితే చెబుదామనుకున్నా. మీరు అడగలేదు."

"లేదు," అన్నాడు లోవెల్. "అడగలేదు."

"ఆర్డిస్ గారూ, వింటున్నారా? షెల్లీకి తెలుసండీ."

ఆర్డిస్ కుర్చీ ఫోను వైపు జరుపుకుంది.

"ఆ మర్నాడు, శుక్రవారం, స్కూల్లో నేనే దాని లాకర్ దగ్గరకెళ్లి, చెప్పేస్తానే అన్నాను. వద్దు, ఉంచుకో అంది. నాకు వారానికి రెండొస్తాయి, నీకు ఇదొక్కటేగా, ఉంచుకో అంది. మీ అమ్మ గొడవ చేస్తోంది కదే అంటే, మా అమ్మని నేను చూసుకుంటాలే అంది."

 బోర్డుమీద కూతురి పక్కన పదిహేడు తగ్గిందని ఆర్డిస్ ఇరవయ్యేడేళ్లు పోట్లాడింది. ఉత్తరం రాసినప్పుడల్లా షెల్లీ ఫోనులో, "వదిలెయ్యమ్మా" అనేది. పిల్లకి పట్టింపు లేదు, దాని తరఫున నేనైనా నిలబడాలి అనుకునేది ఆర్డిస్. తీరా చూస్తే అవి ఎవరూ దొంగిలించలేదు. కూతురే ఇచ్చేసింది.

"నాకు చెప్పొచ్చుగా," అంది ఆర్డిస్, ఎవరితోనో తెలియకుండా. "ఒక్క మాట నాకు చెబితే నేను కాదంటానా?"

"అంటారండీ," అంది డార్సీ. అందులో వెక్కిరింపు లేదు. ఆర్డిస్ కూడా కోపం తెచ్చుకోలేదు. అంటాననే అనుకుని ఉంటుంది.

"లోవెల్ గారూ," డార్సీ గొంతు మారింది. "మీ కాళ్లు పట్టుకుంటా, ఈ వారం వెయ్యొద్దు. నా కోసం కాదు. నా కటింగు ఇప్పుడే వెళ్లి గోడమీంచి పీకేస్తా. బ్రిన్‌కి తెలిస్తే కోచ్ వద్దన్నా వినదు, గురువారం బూట్లు కట్టేస్తుంది. డాక్టరు ఏమన్నాడో విన్నారుగా. కాలేజీవాళ్లు దాన్ని తీసుకున్నది ఆ కాళ్లు చూసే. ఒక్క ఆట. ఆ ఆట అయ్యేదాకా నోరు మూసుకోండి, తర్వాత నా పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారో వేసుకోండి. అంగుళాలు కొలవను."

నా కోసం కాదు అన్న మాట సగమే నిజమని లోవెల్‌కి తెలుసు. కాలు గురించి చెప్పింది మాత్రం పూర్తి నిజం. పేజీ వైపు చూశాడు. వేస్తే ఒక పిల్ల కాలు. వెయ్యకపోతే, తప్పని తెలిసి కూడా తన చేత్తో తను రెండోసారి అచ్చువేసిన తప్పు. మొదటిది తెలియక చేశాడు. 

"డార్సీ," అని మొదలుపెట్టి ఆగాడు. మెడకి చల్లగాలి తగిలింది.

ముందు మెట్లమీద మంచు గడ్డకట్టింది. చంకకర్రతో ఆ మెట్లు ఎక్కలేక వెనక ఏటవాలు దారిలోంచి వచ్చినట్టుంది. ఆ తలుపుకి గంట లేదు. బ్రిన్ గుమ్మంలో నిలబడి ఉంది, ఒక చంకలో కర్ర, ఇంకో చంకలో బంతి. ఎంతసేపట్నుంచి ఉందో ముఖం చూస్తేనే తెలుస్తోంది.

మెల్లగా కుంటుకుంటూ వచ్చి బంతి బల్లమీద పెట్టింది. దొర్లిపోకుండా పాకెట్ పుస్తకం అంచుకి ఆనించింది. బంతిమీద తెల్లరంగుతో 1,387 అని రాసుంది. అప్పుడు ఆర్డిస్ వైపు తిరిగింది.

"మామ్మగారూ, మీ లెక్కన షెల్లీ గారి మొత్తం ఎంత?"

ఆ అంకె ఆర్డిస్ పోస్టాఫీసులో చెప్పింది, చర్చి మెట్లమీద చెప్పింది, కిరాణా కొట్లో వరసలో నిలబడ్డవాళ్లకి అడక్కుండా చెప్పింది. ఇరవయ్యేడేళ్లలో ఒక మనిషి తనంతట తానుగా ఆవిణ్ణి అడగడం ఇదే మొదలు.

ఆర్డిస్ పిల్ల ముఖం చూసింది, కింద కట్టుకట్టిన కాలు చూసింది. క్యాలెండరు కాగితం నాలుగు మడతలు పెట్టి, చేతిసంచిలో వేసుకుని, జిప్పు లాగేసింది.

"నాకు గుర్తులేదమ్మా," అంది.

"బ్రిన్?" స్పీకర్లోంచి డార్సీ పిలిచింది. "అక్కడున్నావా? బ్రిన్, ఫోనెత్తు."

బ్రిన్ ఫోను వైపు చూడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది, కర్ర నేలమీద పడుకోబెట్టింది. లోవెల్ చేతికింద తెరిచి ఉన్న పుస్తకం వైపు, పెన్సిలు అంకెల వైపు, నీలం పెన్నుతో ఉన్న తల్లి పేరు వైపు చూసింది.

"మా అమ్మకి మీమీద ఎన్ని ఫిర్యాదులైనా ఉన్నాయి అంకుల్," అంది. "కానీ తెలిసి అబద్ధం రాయరని మాత్రం చెబుతుంది. చెప్పండి. గురువారం ఇంకా ఎన్ని వెయ్యాలి?"